జారే టైర్లు

నా చిన్నప్పుడు మా నాయినకూ చిన్నాయనకూ మధ్య మాటలు ఉండేవి కావు, దెబ్బలే ఉండేవి. కాలువ గట్టు పక్క నుంచి మా పొలానికి పోయే బాట దగ్గర మొదలైన గొడవ అది. ఒక్క ట్రాలీ పట్టేంత వెడల్పున్న మట్టిబాట. పంపకాల్లో అది తన వాటాలో పడిందని చిన్నాయన అడ్డంగా ముళ్లకంప వేశాడు. నాయిన దానికి నిప్పు పెట్టాడు. చిన్నాయన పార కట్టెతో కొడితే నాయిన కనుబొమ్మ చీలింది. నాయిన విరిచిన వేలు చిన్నాయనకు మళ్లీ సరిగా అతుక్కోలేదు. రక్తం అంటిన చొక్కాలను మా అమ్మ చన్నీళ్లలో నానబెడుతుంటే, వేణ్ణీళ్లలో వేస్తే మరక పోదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఇద్దరికీ ట్రాక్టర్లు ఉండేవి. కోతలు అయిపోయిన ఒక వేసవిలో కల్లు తాగేచోట ఎవరో నవ్వులాటకు అన్నారట, రెండు ట్రాక్టర్ల తోకలూ గొలుసుతో కలిపి కట్టి గుంజించండి, ఎవడు గుంజితే బాట వాడిది అని. నవ్వులాటకు అన్నదాన్ని వీళ్లిద్దరూ పట్టుకున్నారు. అటు బిచ్కుంద, ఇటు నస్రుల్లాబాద్ దాకా కబురు పోయింది.

మా మేనత్త వాళ్లిద్దరికీ అక్క. బాన్సువాడలో రోడ్డు పక్కన టైర్ల దుకాణం నడిపేది. ఆ దుకాణం మా మామది. ఆయన పోయాక అత్త మూసెయ్యలేదు, తానే రెంచీ పట్టుకుంది. ఏ బండికి ఏ సైజు వెయ్యాలో, ఎంత గాలి కొట్టాలో ఆమె చెబితే చుట్టుపక్కల రైతులు మారు మాట్లాడేవారు కాదు. సెలవుల్లో నన్ను ఆమె దగ్గరే ఉంచేవారు. నేను మూలన పాత ట్యూబుల గుట్ట మీద కూర్చుని ఏదో ఒకటి చదువుకునేదాన్ని.

ఒక పొద్దున నాయిన ట్రాక్టరు తీసుకుని అక్కడికే వచ్చాడు. నన్ను చూశాడు గాని పలకరించలేదు.

"వాడు పెద్ద టైర్లు ఎక్కిచ్చిండట అక్కా. నాకు వానికంటె పెద్దయి గావాలె. వాణ్ని కాలువ దాక గుంజుకపోవాలె."

"గుంజుకపోయి ఏం జేస్తవ్ రా? కూరొండుకుంటవా?"

"టైర్ల సంగతి జెప్పు. మిగిలిన ముచ్చట్లొద్దు."

అత్త బండి చుట్టూ తిరిగింది. వెనక చక్రాన్ని కాలితో తన్ని చూసింది. పెద్ద టైరు చూసేటందుకే బాగుంటుందని, ఈ ఇంజన్‌కు అది బరువవుతుందని, సన్నటిదైతే నేలలోకి దిగి కొరుకుతుందని తాపీగా చెప్పింది. నాయిన ఆమె మాట నమ్మాడు. టైర్ల విషయంలో అత్తను నమ్మనివాళ్లు ఎవరూ లేరు. ఆయన చాయ్ తాగడానికి పోయాక, ఆమె లోపలి నుంచి, అరిగినవాటికే మళ్లీ రబ్బరు ఎక్కించి రీట్రెడ్ చేసిన సన్నటి టైర్లు రెండు దొర్లించుకొచ్చింది. నేలను పట్టుకోవాల్సిన రబ్బరు పళ్లు వాటి మీద పొట్టిగా ఉన్నాయి. గాలి కూడా రాయిలా గట్టిపడేదాకా కొట్టింది. పట్టు కావాలంటే గాలి తగ్గించాలని అంతకు ముందు వారమే ఒక రైతుకు ఆమె చెప్పడం నేను విన్నాను.

"ఇవి జారుతయి గద అత్తా?" అన్నాను.

ఆమె నా వైపు చూడకుండా నట్లు బిగిస్తూనే చెప్పింది. "జారాలె బిడ్డ. చిన్నోడు ఎత్తు టైర్లేసిండు. కొక్కెం గూడ పైకి లేసుంటది. గొలుసు రెండు దిక్కుల గట్టిగ పట్టుకుంటే వాని బండి ముందర లేస్తది. లేసిందంటె ఇగ ఆగది. ఒకడు జారితే ఇద్దరు ఇంటికొస్తరు."

మా మామ ఎలా పోయాడో నాకు తెలుసు. నాట్ల కోసం దున్నిన బురద మడిలో బండి దిగబడితే, వెనక చక్రాలకు దుంగ కట్టి బలంగా ముందుకు తోలాడు. చక్రాలు కదల్లేదు. బండి ముందుభాగం లేచి వెనక్కి తిరగబడింది. క్లచ్ మీదికి కాలు పోయేలోపే అయిపోయింది. ఆయన చెవుల్లోంచి, నోట్లోంచి బురద కడిగింది అత్తే.

మరి పెద్ద టైర్లు తీసెయ్యమని చిన్నాయనకు చెప్పొచ్చు కదా అని అడిగాను. "ఊరంతట చెప్పుకున్నంక తీస్తడా? వాడు నా గుమ్మం తొక్కక ఏడాదైంది. వచ్చినోనికే గద నేను చెయ్యగలిగేది" అంది. ఆ తర్వాత గ్రీజు చేతితో నా గడ్డం పట్టుకుంది. "నీ నాయినకు చెప్తవా?" నేను తల అడ్డంగా ఊపాను.

పోటీ రోజు కోసిన వరి మడి నిండా జనం. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. "అన్నా, తోక తెగుతది సూడు!" అని ఒకడు అరిస్తే అందరూ నవ్వారు. రెండు బండ్లనూ వెనకవైపులు ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యన లారీ గొలుసు బిగించారు. ముగ్గుపిండితో గీత గీశారు. జెండా దించగానే రెండు ఇంజన్లూ ఒక్కసారి గర్జించాయి. నల్లటి పొగ, ఎగిరే మట్టిగడ్డలు, గొలుసు కిర్రుమనే చప్పుడు. ఇద్దరూ మెడలు వెనక్కి తిప్పి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆ చూపుల్లో గెలవాలన్న కోరిక లేదు. చంపాలన్న కోరిక ఉంది.

చిన్నాయన బండి ముందు చక్రాలు నేలను వదిలాయి. మోకాలెత్తు లేచాయి, ఆ తర్వాత ఛాతీ ఎత్తు. జనం అది బలం అనుకుని ఈలలు వేశారు. అత్త గోళ్లు నా భుజంలోకి దిగాయి. చిన్నాయన సీటులో వెల్లకిలా పడినట్టు ఉన్నాడు. అప్పుడే నాయిన చక్రాలు జారాయి. కోసిన వరి మొదళ్లను నలుపుకుంటూ ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. గొలుసు ఒక్క క్షణం వదులైంది. చిన్నాయన బండి ముందుభాగం దబ్బున నేల మీద పడింది, లైటు పగిలింది. ఆపైన ఆ బండి మా నాయినను వెనక్కి ఈడ్చుకుంటూ ముగ్గు గీత దాటించింది.

బండి ఆగకముందే నాయిన దూకాడు. తమ్ముడి వైపు పోలేదు. నేరుగా మా వైపే వచ్చాడు.

"వానికి అమ్ముడువోయినవా?"

మొదటి దెబ్బ అత్త ఎడమ చెవి మీద పడింది. కింద పడ్డాక కాలితో తన్నాడు. నేను నాయిన కాలిని పట్టుకున్నాను, ఆ కాలితో పాటు నేనూ ఊగాను. జనం వచ్చి లాగేసరికి అత్త చెవి నుంచి రక్తం మెడ మీదికి కారుతోంది. చిన్నాయన తన ట్రాక్టరు పక్కన మట్టిలో కూలబడి వాంతి చేసుకుంటున్నాడు. గెలిచిన సంబరానికి ముందే తాగాడని అందరూ నవ్వారు. నేను మాత్రం ఆయన ముందు చక్రాన్ని పట్టుకుని వదలకపోవడం చూశాను.

దవాఖానలో అత్తకు కట్టు కడుతుంటే, అసలు సంగతి నాయినకు ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను. ఆమె కుడిచెవి నా వైపు తిప్పి మళ్లీ అడగమంది. "చెప్తె ఏమైతది? రేప్పొద్దుగాల ఇద్దరు సమానం టైర్లేసుకొని మల్ల గొలుసు గడ్తరు" అంది. ఆ వెంటనే, "వాని కొట్టుడు నాకు కొత్తా? చిన్నప్పుడు నా జడ వట్టుకొనే నడక నేర్చిండు" అంది.

చిన్నాయన బాట గెలిచాడు గాని కంప మళ్లీ వెయ్యలేదు. ఎందుకని ఎవరు అడిగినా చెప్పలేదు. ముందు చక్రాలు లేచినప్పుడు సీటులోంచి ఆయనకు ఏం కనబడిందో నాకు తెలియదు. నాయిన పంతానికి రెండేళ్లు కాలువ చుట్టూ తిరిగే పొలానికి పోయాడు. తర్వాత ఒక వానాకాలం, మెత్తబడ్డ గట్టు మీద బండి నడపలేక, ఆ బాటనే పట్టాడు. ఎవరూ అడ్డం రాలేదు.

ఇది మంచి కథేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇద్దరు మగవాళ్లు బతకడానికి ఒక ఆడమనిషి చెవి పోయింది. ఆ లెక్క నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఎవరైనా పళ్లు బిగించి రెండువైపులా లాగుతుంటే, ఎవరిది బలం అని నేను చూడను. ముందు ఎవరు జారగలరో వెతుకుతాను. ఆ జారినవాళ్లకు తర్వాత ఏమవుతుందోనని భయపడతాను కూడా.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ అత్త ఇంట్లోనే కలుస్తారు, గట్టిగా అరుచుకుంటారు. "సగం లొల్లే వినబడ్తది బిడ్డా, మంచిగైంది" అని ఆమె నవ్వుతుంది. నాయిన అప్పుడు తల వంచుకుంటాడు. అత్త ఎందుకు ఓడించిందో ఆయనకు ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నేను మాత్రం వెళ్లినప్పుడల్లా ఆమెకు కుడివైపున కూర్చుంటాను. నా గొంతు చిన్నది.