విస్కీ పండుగలో పిట్టకు పెట్టిన ముద్ద

మా కాకకు పిట్ట ముట్టలేదు. ఆ ఒక్క సంగతి వల్లే నేను అరువు చొక్కా వేసుకుని, దోహాలో ఓ పెద్ద హోటల్లో జరిగిన స్కాట్లాండు విస్కీ పండుగ ముగింపు భోజనానికి వెళ్ళాను. లేకపోతే ముక్కు మీద కోపం ఉండే నాలాంటివాడు మెడకు టై కట్టుకున్న మనుషుల మధ్య పది నిమిషాలు కూర్చునే రకం కాదు.

కాక అంటే సొంత చిన్నాన్న కాదు. జగిత్యాల దగ్గర మా పక్క ఊరి టైల్స్ మేస్త్రి. దోహాలోని మన్సూరా పేటలో మా గదిలో ఆయన పరుపూ నా పరుపూ పక్కపక్కనే ఉండేవి. ప్రపంచ కప్పు వస్తోందని ఖతర్ అంతా తవ్విపోసి, ఎక్కడ చూసినా హోటళ్ళు లేపుతున్న రోజులవి. ఈ హోటల్ లోపలి పనులు మా కంపెనీవే. నేను స్టోర్ కీపర్ని. పెద్ద భోజనాల హాల్లో నేలంతా కాక, ఆయన జట్టు పరిచిందే. ఆఖరి టైల్ వేసి, మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే కాక ప్రకటించాడు.

"సూడుర, ఓటేలు షురువయినంక ఒక్కనాడన్న గీ హాల్ల కుర్సీల కూసోని అసలు స్కాచి తాగుత. నంజుకునేటందుకు బోటి ఉండాలె."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నేను వెక్కిరించాను. బోటి అంటే మా వైపు గొర్రె పేగులతో, పొట్టతో వండే కూర.

హోటల్ తెరిచాక కాక నిజంగానే ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వెళ్ళాడు. గేటు దగ్గరి మనిషి మర్యాదగానే వెనక్కి పంపాడట. "అద్దంలకెల్లి మన టైల్స్ కనవడ్డయిరా, మస్తు మెరుస్తున్నయి" అని చెప్పి ప్యాంటు మడత పెట్టుకున్నాడు. ఆ తర్వాత సెలవు మీద ఊరికి వెళ్ళి, అక్కడే గుండెపోటుతో పోయాడు.

మా వైపు మనిషి పోతే మూడో నాడూ, పదో నాడూ ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, మందు కూడా పోసి ఆరుబయట పెడతారు. కాకి గానీ మరో పిట్ట గానీ వచ్చి ముడితే పోయినవాడికి తృప్తి కలిగినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. కాక భార్య, మా చిన్నమ్మ, ఫోన్ చేసి ఏడ్చింది.

"కోడిని గోసినం, కల్లు వోసినం, బిడ్డ పెండ్లి మంచిగ జేస్తమని మొక్కినం. పిట్ట మొకం సుత జూడలే. దుబాయిల ఆయనెంబడి ఉన్నది నువ్వేనాయె కొడుకా. ఏం గోరుకున్నడో ఎర్కేనా?"

దుబాయ్ కాదు ఖతర్ అని దిద్దే సమయం కాదది. ఏం కోరుకున్నాడో నాకు బాగా తెలుసు. తీర్చే దారే తెలియలేదు.

అలాంటప్పుడు మా ఇంజనీరు, స్కాట్లాండు పెద్దాయన, "మా దేశపు విస్కీ పండుగ అయిపోతోంది, ముగింపు భోజనానికి ఎవరొస్తారు?" అని ఆఫీసులో అడిగాడు. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే. మా గదిలో ఉండే హైదరాబాదీ భాయ్, మందు వాసన కూడా పడనివాడు, తన పెళ్ళినాటి చొక్కా ఇచ్చి, "తాగితే తాగు భాయ్, నా అంగి మీద మాత్రం ఒలకవొయ్యకు" అన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక భోజనం మొదలైంది. గళ్ళ లుంగీని మోకాళ్ళ దాకా కట్టినట్టున్న ఒకాయన అందరి ముందూ చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టించాడు. అడుగు తడిసీ తడవనట్టుగా పోశారు. మా వైపు ఖాళీ సీసా బోర్లిస్తే ఇంతకన్నా ఎక్కువ వస్తుంది. తాగకుండా ముందు వాసన చూసి, ఏం గుర్తొచ్చిందో చెప్పాలట. ఒకామె తేనె అంది. ఒకాయన సముద్రపు గాలి అన్నాడు. నా వంతు రాగానే ఉన్నమాట చెప్పాను: కట్టెల పొయ్యి మీద కాగిన స్నానం నీళ్ళు. గళ్ళ లుంగీ ఆయన మురిసిపోయి నా భుజం తట్టాడు.

అంతవరకు బాగానే ఉంది. కొందరు నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న జాడీలో ఉమ్మేయడం మొదలుపెట్టారు. అదీ రుచి చూసే పద్ధతేనట. నా కోపం నషాళానికి అంటింది. మా కాకకు చుక్క దొరకలేదు, వీళ్ళు ఉమ్మేస్తున్నారు!

ఇంతలో సంకలో తిత్తి పెట్టుకుని బూర ఊదే మనిషి ముందు నడవగా, ఒక వంటకాన్ని పెళ్ళికొడుకులా ఊరేగించుకుని తెచ్చారు. "నీకు నచ్చకపోవచ్చు" అని ఇంజనీరు మొహమాటపడుతూ చెప్పాడు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి, పొట్టలో కూరి ఉడికించిందట.

"సార్, ఇది మా బోటి!" అని నేను కుర్చీలోంచి లేచిపోయాను.

స్కాచి, బోటి, ఆ హాలు, అన్నీ ఒక్కచోటే! నా వచ్చీరాని ఇంగ్లీషులో ఇంజనీరుకు కాక కథంతా చెప్పేశాను. "పాడుతూ టైల్స్ వేసేవాడు, ఆయనేనా?" అని అడిగి, ఆయన తన ప్లేటు నా ముందుకు జరిపాడు.

ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని బయటి టెర్రస్ వైపు నడిచాను. హాలు మేనేజరు అడ్డొచ్చాడు. "సార్, ప్లేట్ ఓకే. గ్లాస్ బాహర్ మాఫీ." అరబ్బీలో మాఫీ అంటే లేదు అని; మందు గ్లాసు ఆ గుమ్మం దాటకూడదట. నేను గొడవకు దిగబోతుంటే ఇంజనీరు వచ్చి, నా చేతిలోని గ్లాసు తీసుకుని, విస్కీ మొత్తం బోటి మీద పోసేశాడు.

"మా ఊళ్ళో తినేదే ఇలాగ" అని ఖాళీ గ్లాసు మేనేజరు చేతిలో పెట్టాడు. ఆయన మా ప్లేటు వంక చూసి, పక్కకు తప్పుకున్నాడు.

టెర్రస్ గోడ మీద ప్లేటు పెట్టి దూరంగా నిలబడ్డాం. రెయిలింగు మీద గోరింకలు రెండు కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాయే తప్ప దిగవు. ఎక్కడి నుంచో పిల్లి వచ్చి వాసన చూసి, తుమ్మి వెళ్ళిపోయింది. ఎండ మాడ్చేస్తోంది. భాయ్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నాకు ఓపిక చచ్చింది.

"ఇంకేం గావాలె కాకా? అసలు స్కాచి, పైకెల్లి బోటి! బతికున్నప్పుడు సతాయిస్తివి, ఇప్పుడు సుత సతాయిస్తవా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని తలెత్తితే, అద్దంలోంచి హాల్లో టైల్స్ మెరుస్తూ కనిపించాయి. ఆ రోజు కాక చూసిందీ ఇలాగే, బయట నిలబడి. నేను మళ్ళీ ఆయన్ని బయటే కూర్చోబెట్టానని అప్పుడర్థమైంది.

ప్లేటు తీసుకుని, అద్దం తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి రెండడుగుల లోపల టైల్స్ మీద పెట్టాను. ఏసీ చల్లదనమంతా బయటికి పోతోంది. అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. ఒక గోరింక గుమ్మం దాకా వచ్చి ఆగింది. అటూ ఇటూ చూసింది. తర్వాత పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా తీరిగ్గా లోపలికి నడిచి, ముద్దను పొడిచింది.

మేనేజరు గుడ్డ పట్టుకుని తోలడానికి ఉరికొచ్చాడు. ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు. బూర ఆగింది. గోరింక తిన్నంత తిని, ముక్కు టైల్‌కు తుడుచుకుని వెళ్ళింది. నేను నా కుర్చీకి తిరిగొచ్చి, మిగిలిన గ్లాసులన్నీ ఒక్క చుక్క ఉమ్మకుండా తాగాను.

బయటికి రాగానే చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"ముట్టింది చిన్నమ్మా. గోరింక."

"ఏడ పెట్టినవ్ కొడుకా?"

"హాల్ల. ఆయన ఏసిన టైల్స్ మీద."

గేటు దగ్గర నుంచి తిరిగొచ్చిన సంగతి కాక ఆమెకూ చెప్పినట్టున్నాడు.

"లోపటికి రానిచ్చిన్రా?" అని అడిగింది.

"రానిచ్చిన్రు చిన్నమ్మా. ఎవ్వలు ఎల్లగొట్టలే."