మగ్గం ఆడితేనే పలికే రేడియో

ఆ రోజుల్లో యంత్రాలకు కూడా మనుషులకున్నంత మొండితనం ఉండేది. దానికి అందరికీ తెలిసిన మందు ఒకటే, వీపు మీద ఒక దెబ్బ. ఇప్పుడు నా సెల్‌ఫోను దానంతట అది ఆరిపోయి, దానంతట అది వెలుగుతుంటే నా చేయి అలవాటుగా లేస్తుంది. ‘తాతా, అది కొడితే బాగయ్యేది కాదు’ అని మనవరాలు లాక్కుంటుంది. ఏం చేయను, నా చదువు అలాంటిది. ఇంటర్ రెండుసార్లు తప్పి (మూడోసారి రాయమనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది) ఆదోనిలో ఒక రేడియో రిపేరు అంగట్లో చేరాను. చేరిన ఆరు నెలలకే జేబులో టెస్టరు నలుగురికీ కనబడేలా పెట్టుకుని, డాక్టరుకూ నాకూ పెద్ద తేడా లేదన్నట్టు బజారులో నడిచేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి మా పెద్దనాయన, రేడియోను తువ్వాలులో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టుకుని అంగడికి వచ్చాడు. ఆయన నేత మనిషి. ఇంట్లోనే గుంత మగ్గం. కానీ అప్పటికి కొన్ని నెలలుగా నూలు ఇచ్చేవాళ్లు ఇవ్వడం మానేశారు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనే మాటలే తప్ప నూలు రాలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పొద్దంతా కాళ్లూ చేతులూ ఆడించిన మనిషి ఊరికే కూర్చుంటే ఏమవుతాడు? మాట తగ్గింది, తిండి తగ్గింది. సగం రొట్టె తిని లేస్తున్నాడని, ఇట్లాగే ఉంటే మనిషి దక్కడని పెద్దమ్మ అంతకుముందే కబురు పంపింది. ఆ ఇంట్లో మాట్లాడేది ఒక్క రేడియోనే, ఇప్పుడు దానికీ జబ్బు చేసింది.

“దానంతకదే నిలుస్తాది, దానంతకదే పలుకుతాది. నా మాదిరే దీనికీ బుద్ధి సెడింది, సూడు నాయనా” అన్నాడు పెద్దనాయన.

అంగడి యజమాని, మా ఉస్తాదు దాని వీపున ఒక్కటిచ్చాడు. రేడియో రెండు మాటలు పలికి మళ్లీ మౌనం పట్టింది. ఎక్కడో లూజు కాంటాక్టు ఉంది, మీ పెద్దనాయనే కదా నువ్వే చూసుకో అని ఆయన టీ తాగడానికి పోయాడు. నేను కొత్త సెల్లులు వేశాను, దుమ్ము ఊదాను, కనిపించిన ప్రతి మరనూ బిగించాను. పలికింది. ఇక దీనికి చావు లేదు అని ధీమాగా చెప్పి పంపించాను. బస్సులో దారి పొడుగునా అది పాడుతూనే పోయిందట (ఆ దోవలో గుంతలు అట్లాంటివి, శవం కూడా లేచి కూర్చుంటుంది). తీరా ఇంటికి పోయి గూట్లో పెట్టగానే నోరు మూసుకుంది. ఎదురింటివాళ్లు దిష్టి తగిలిందని మిరపకాయలు దిగదీశారు కూడా. దానికీ లొంగలేదు.

పరువు పోయే పని కాబట్టి ఆదివారం సామాను సంచితో నేనే వెళ్లాను. పెద్దనాయన నన్ను పలకరించకుండానే, ఇది ఎట్లా పలుకుతుందో చూపిస్తానని మగ్గం గుంతలోకి దిగాడు. కొత్త నూలు వస్తే అతకడానికి వదిలిన పాత పోగుల కొనలు తప్ప మగ్గం మీద ఏమీ లేదు. ఆయన ఆ ఉత్త మగ్గాన్నే కాళ్లతో తొక్కుతూ, నేతను బిగించే పన్నె లాగి కొట్టాడు. గోడ అదిరింది, గూట్లో రేడియో గొంతు విప్పింది. కాళ్లు ఆపాడు, అదీ ఆగింది. అంగడి నుంచి తెచ్చుకున్న నాటి నుంచి వార్తలు వినాలంటే ఆయన చేస్తున్న పని ఇదే. ఇరవయ్యేళ్ల నాకు అందులో నవ్వు కనబడింది, అదిరితే అతుక్కునే తీగ కనబడింది. ఉత్త మగ్గం ముందు కూర్చున్న మనిషి మాత్రం కనబడలేదు. పెద్దమ్మ పొయ్యిలోనే కడ్డీ కాల్చి, కొండను తవ్వి ఎలుకను పట్టినంత సంబరంగా ఆ తీగకు టంకం పెట్టాను. రేడియో గడగడా పలికింది. పెద్దనాయన కాసేపు దానివైపు చూసి, “ఇంగ నేను దిగే పనిల్యా” అని గుంతలోంచి పైకి వచ్చాడు. నేను దాన్ని మెచ్చుకోలనుకుని పొంగిపోయాను.

కొన్ని వారాలకే రేడియోకు జబ్బు తిరగబెట్టిందని కబురు. మా ఉస్తాదు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తల దించుకుని మళ్లీ ఎమ్మిగనూరు పోయాను. నూలు వచ్చిందేమో కనుక్కోవడానికి పెద్దనాయన బజారుకు పోయి ఉన్నాడు. వెనక మూత తీసి చూద్దును కదా, నేను పెట్టిన టంకం ఊడిపోయింది. ఊడిపోలేదు, ఎవరో ఊడబెరికారు. పైగా ఆ తీగ కొనలను వదులుగా మెలిపెట్టి ఉంచారు. మెలి మీద కాస్త బూడిద. తెగిన పోగును అతికేటప్పుడు నేతవాళ్లు వేళ్లకు బూడిద రాసుకుంటారు. నేను తలెత్తి పెద్దమ్మను చూశాను. ఆమె తల తిప్పుకోలేదు.

“నేనే పీకినా నాయనా” అంది. “నువ్వు బాగుజేసిపోయినప్పటి నుంచి ఆయప్ప గుంతలోకి దిగల్యా. గోడకానుకోని కూసుంటాడు. అది దాని పాటికి మాట్లాడతాంటాది, ఈయప్ప ఇనడు. సెడిపోయి ఉన్నప్పుడు వార్తలు కావల్లంటే మగ్గం ఆడిచ్చల్ల గదా. ఒళ్లు అలిసి, ఇంత తింటాండె. నీ పనితనానికి దండం పెడతా, దాన్ని బాగుజెయ్యొద్దు.”

నేను ఆ మెలిని అట్లాగే వదిలేశాను. మూత బిగించి రేడియోను గూట్లో పెడుతుంటే పెద్దనాయన వచ్చాడు. ఆయన ముఖం చూశాక నూలు సంగతి అడగాల్సిన పని లేకపోయింది. ఏమైందిరా అని రేడియోను చూపించాడు.

“నాతో కాదు పెద్దనాయనా. మగ్గం ఆడిస్తే తప్ప ఇది పలకదు.”

“నీ సదువింతే గదా” అని ఆయన పంచె ఎగగట్టి గుంతలోకి దిగాడు. గోడ అదిరింది. వార్తలు మొదలయ్యాయి. ఆ పూట సంగటి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పెద్దమ్మ వడ్డించి, పొగ అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొయ్యి అప్పటికే ఆరిపోయి ఉంది.

ఆ ఏడు నూలు రాలేదు. ఆ వీధిలో మాత్రం నాకు చేతగాని మెకానిక్కు అని పేరు స్థిరపడింది. ఆ రోజు సాయంత్రం ఆదోనికి తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఏడ్చాను. పరువు పోయిందని ఏడుస్తున్నాననే అనుకున్నాడు ఆ పిచ్చి కుర్రాడు, జేబులో టెస్టరు పెట్టుకుని. ఇప్పటికీ వాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ అనిపిస్తుంది.