కొట్టివేత లేని వ్యాసం

ఆ పిల్ల రాసిన ఇంగ్లిష్ వ్యాసాన్ని ఆ పిల్లది కాదన్నారు. బడిలో మేడం పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టి, కింద ‘ఫోన్‌లో చూసి దించింది’ అని రాసి, ఆ ముక్క క్లాసంతా వినేట్టు చదివింది. ఏడాది కావస్తోంది. నాకింకా మంట తగ్గలేదు.

మొన్న క్యాలెండర్‌లో నెల కాగితం చింపుతుంటే మళ్లీ అదే గుర్తొచ్చింది. ఆ పిల్ల మా పైవాటాలో అద్దెకున్నవాళ్ల బిడ్డ, అప్పుడు తొమ్మిదో తరగతి. నేనేమో ఏడుతో బడి మానేసినవాణ్ణి. నాచారంలో ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, మిషన్లతో వచ్చిన పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో మాటకు డిక్షనరీ తిప్పుతూ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. నట్టు ఎంత బిగించాలో చెప్పే ఇంగ్లిష్ బాగా వచ్చు. పువ్వుల గురించి చెప్పే ఇంగ్లిష్ దగ్గర ఇప్పటికీ తడబాటే. అయినా సాయంత్రమైతే చాలు, ‘తాతా, జర ఈ పాఠం సమజ్ చెయ్యవా’ అంటూ మెట్లు దిగేది.

ఆ వ్యాసం వాళ్లమ్మ గురించి. ఆమె ఉప్పల్‌లో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ‘మా అమ్మ ఇంటికొచ్చినంక ఆమె జుట్టుల దారప్పోగులు ఏరుత తాతా. రంగు సూస్తే ఆ రోజు ఏం కుట్టిందో ఎరుకైతది’ అంది. ‘గదే రాయి బిడ్డా’ అన్నాను. ఆ ఒక్క మాట ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. నేను ఒక్క పదం అందించలేదు. తప్పున్న చోట వేలు పెట్టేవాణ్ణి, అంతే.

కానీ నాకో పద్ధతుంది. ఫ్యాక్టరీలో రేకు మీద సుద్దతో గీసుకుని, కోశాక తుడిచేసేవాళ్లం. గీత మిగిలిన సరుకు బయటికి పోతే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. అలాగే చిత్తుప్రతులన్నీ పాత క్యాలెండర్ కాగితాల వెనక రాయించి, నోటుబుక్కులోకి ఎక్కించాక వాటిని నీళ్లు కాచే పొయ్యిలో వేసేవాణ్ణి. సాఫీగా రాయడమే నేరమయ్యే రోజొకటి వస్తుందని నాకెవరు చెప్పారు?

బడికి వెళ్లాను. మేడం కుర్చీ చూపించింది, మర్యాదగానే మాట్లాడింది. ‘ఒక్క కొట్టివేత కూడా లేదు తాతగారూ. చిత్తుప్రతి ఉంటే చూపించండి, ఇప్పుడే మార్కులేస్తా.’

ఏడుసార్లు రాసి, ఏడుసార్లు దిద్దుకున్న కాగితాలు. వాటితో కాగిన నీళ్లు నేనే పోసుకున్నాను. అరవడానికి వెళ్లినవాణ్ణి, ఎవరి మీద అరవాలో తెలియక తిరిగొచ్చాను.

ఆ తర్వాత ఆ పిల్ల మెట్లు దిగేది గానీ మా గుమ్మం దగ్గర ఆగేది కాదు. వేసవిలో వాళ్లు కాప్రా వైపు ఇల్లు మారారు. బడి మాత్రం అదే. ఇంకా ఇంగ్లిష్ రాస్తున్నావా బిడ్డా అని వాళ్లమ్మ ఫోన్‌కు మెసేజ్ పెట్టాను. నెల గడిచింది. నిన్న జవాబొచ్చింది:

‘రాస్తున్న తాతా. ఇప్పుడు ఫికర్ లేదు. ముందుగాల మంచిగ రాసుకుంట, అటెనుక మూడు నాలుగు తప్పులు నేనే పెడుత. మేడం నమ్ముతున్నది.’