ఆలంపూర్‌లో పోయిన చూడీ

1961 చలికాలంలో మా పురావస్తు శాఖ నన్ను ఆలంపూర్‌కు పంపింది. హోదా రెండో తరగతి ఫొటోగ్రాఫరు. గుడి శిఖరాల మీది శిల్పాలను కింద నిలబడే ఫొటో తీయడం పని. అందుకు మూరెడు పొడవు లెన్సు ఇచ్చారు. అంత బరువును కెమెరా మోయలేదు. అందుకని లెన్సుకే అడుగున అల్యూమినియం పాదం ఉంటుంది, మూడు కాళ్ల స్టాండు మర ఆ పాదంలోని రంధ్రంలోకి ఎక్కుతుంది. రంధ్రం లోపలి చుట్లను మెకానిక్కులు చూడీ అంటారు. చూడీ పోతే లెన్సు నిలవదు. లెన్సు కదిలితే శిల్పం ముఖం పిండిముద్దలా వస్తుంది.

మొదటి రోజే స్టాండు మర ఎక్కడో పడిపోయింది. జీపులోని సామాన్ల డబ్బాలో అంతే లావు బోల్టు దొరికితే పట్టుకారుతో బిగించి పని కానిచ్చాను. మూడో రోజు ఉదయం లెన్సు ఒక పక్కకు ఒరిగి నా చేతుల్లో పడింది. పాదంలోంచి తెల్లని లోహపు పొడి రాలింది.

మా సూపరింటెండెంటు గారు సైన్సు పట్టభద్రులు. కాబట్టి కారణం చెప్పడానికి ఆయనకు లెన్సును చూడవలసిన అవసరం కలగలేదు. అమ్మవారికి ఫొటోలు గిట్టవన్నారు. అయితే అమ్మవారికి మెమో ఇచ్చే నిబంధన లేదు. అందుకని కాపలాదారు బాలయ్య దొరికాడు. బాలయ్య ఊరవతలి గూడెం మనిషి, తాత్కాలిక ఉద్యోగి, రోజూ నా పెట్టె మోసేవాడు. అతడు తాకినందుకే అమ్మవారు ఆగ్రహించారట. కాగితం మీద మాత్రం ‘అజాగ్రత్త’ అని రాస్తే సరిపోతుందట. అతణ్ణి తొలగించే ఆ కాగితం మీద సాక్షిగా నా సంతకం కావాలన్నారు.

నేను చర్చావేదికల మీద పెరిగినవాణ్ణి. గుడి ముందే అరగంట ఉపన్యసించాను. కార్యకారణ సంబంధం, అంటరానితనం, చదువుకున్నవాళ్ల మూఢత్వం, దేన్నీ వదల్లేదు. రుజువు తెచ్చేదాకా సంతకం పెట్టనని చెప్పి, లెన్సునూ బోల్టునూ బాలయ్యనూ వెంటబెట్టుకుని గద్వాల బస్సెక్కాను.

అక్కడ ఖాజామియా అనే ఆయన ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. రంధ్రంలోకి ఒకసారి, బోల్టు వైపు ఒకసారి చూశాడు.

“గిది జీపు బోల్టు సారూ. లావొక్కటే, చూడీ వేరే.”

లెక్కపెట్టి చూపించాడు. స్టాండు మరకు అంగుళానికి ఇరవై చుట్లు ఉండాలి, ఆ బోల్టుకు ఇరవై ఎనిమిది.

“ఎవడో పక్కడు వెట్టి తిప్పిండు. జర అకల్ ఉన్నోడైతే బిగుసుకోంగనే ఆపుతుండె.”

పక్కడంటే పట్టుకారు. నేను గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదివాను.

ఖాజామియా ముందు పాదాన్ని లెన్సు నుంచి విప్పాడు, పొడి అద్దాల్లోకి పోకుండా. రంధ్రాన్ని పెద్దది చేసి, కిరోసిన్ చుక్కలు వేస్తూ ట్యాపు అనే కోత పనిముట్టుతో కొత్త చూడీ కోశాడు. లోపల సరైన చూడీ ఉన్న పొట్టి ఇత్తడి గొట్టం లాంటి బుష్‌ను అందులో ఎక్కించి, తిరగకుండా పక్కన సన్నని మేకు దిగ్గొట్టాడు. స్టాండుకు కొత్త మర కూడా చేసిచ్చాడు. అది వేళ్లతోనే చివరిదాకా ఎక్కింది.

తిరుగు బస్సులో బాలయ్యను అడిగాను, ఆ బోల్టు నేనే తిప్పానని తెలుసా అని.

“ఎరుకే సారూ. మీ పక్కనే ఉంటిని గద.”

“మరి చెప్పలేదేం?”

“దేవత చెయ్యలే, బాలయ్య చెయ్యలే అని అరగంట సేపు జెప్తిరి. ఇగ మిగిలినోడెవడో మీకే యాదికొస్తదని ఆగిన.”

ఆ సాయంత్రం బోల్టు కథంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. సూపరింటెండెంటు గారు విచారపడ్డారు. ఫొటోగ్రాఫరు తప్పంటే పెద్ద ఆఫీసు దాకా ఫైలు నడపాలి, కాపలాదారు తప్పంటే ఒక్క కాగితంతో పోయేది కదా అన్నారు. అమ్మవారి ఊసు ఆయనకు అప్పటికే గుర్తు లేదు. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు. మెమో నాకు వచ్చింది. బాలయ్య ఉద్యోగం నిలిచింది. మర్నాడు పెట్టె మోస్తూ వచ్చి, స్టాండు మర నా చేతికిచ్చే ముందు తనే ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పగలిగింది ఇంతే. ఏ మరనైనా మొదటి మూడు చుట్లు వేళ్లతో తిప్పండి, వేళ్లకు ఎక్కనిదాన్ని పట్టుకారుతో ఎక్కించకండి. వస్తువు చెడినప్పుడు విచారణను దాన్ని బిగించిన చేతి దగ్గర మొదలుపెట్టండి. ఆ చేయి మీదే అయితే ఉపన్యాసానికి ముందే మొదలుపెట్టండి.