సాలి కారు వెనక రెక్క

కోదాడలోని ఒక కార్ల అడ్డాలో మూడు కార్లకు వెనక రెక్కలున్నాయి. రెండింటికి వరుసలో చోటుంది, మూడోదానికి లేదు. ఆ రెండింటినీ మగవాళ్లు నడుపుతారు. మూడోదాన్ని నడిపేది స్త్రీ, పైగా తండా మనిషి. రెక్క బిగించడమే నేరమైతే ముగ్గురూ నేరస్థులే. శిక్ష మాత్రం ఒక్కరికే పడింది.

ఆమె పేరు సాలి. నడిగూడెం మండలంలోని ఒక తండా ఆమె మెట్టినిల్లు. భర్త దీప్లా మిర్యాలగూడలో బియ్యం మిల్లు హమాలీ. పెళ్లయిన కొత్తలో సాలి మిరప తోటలకు కూలికి వెళ్లేది. కూలీలను తీసుకువెళ్లే ట్రాలీ ఆటో డ్రైవరు ఒకనాడు జ్వరంతో పడిపోతే, చేలో చిక్కుకున్న ఆడవాళ్లందరినీ ఎక్కించుకొని తానే నడుపుకుంటూ తండా చేర్చింది. అంతకుముందు ఆ డ్రైవరు పక్కన కూర్చొని అతని కాళ్లూ చేతులూ ఎట్లా కదులుతున్నాయో గమనించడమే ఆమె చదువు. ఆ తర్వాత లైసెన్సు తీసుకుంది. ఆటో నడిపింది. అప్పు చేసి ఒక తెల్లని సెడాన్ కారు కొన్నది. కిడ్నీ జబ్బు రోగులను సూర్యాపేట దవాఖానకు తీసుకువెళ్లి, పని పూర్తయ్యేదాకా బయట కాచుకొని, మళ్లీ ఇంటి గడపదాకా దించే డ్రైవరు ఆ అడ్డాలో ఆమె ఒక్కతే. నా కళ్లకు ఆపరేషన్ జరిగినప్పుడు నన్నూ ఆమే తిప్పింది.

అడ్డా అంటే కార్లు నిలిపే చోటు మాత్రమే కాదు. పొద్దున వచ్చిన వరుసలో బండి నంబర్లను నల్లబల్ల మీద రాస్తారు. కిరాయి తగిలితే పైనున్న బండి కదులుతుంది. దీన్ని సీరియల్ అంటారు. సీరియల్‌లో లేని బండి అక్కడ నిలవరాదు, ప్రయాణికుడిని పలకరించరాదు. సుద్దముక్క అడ్డా పెద్ద రవీందర్ చేతిలో ఉంటుంది. సాలిని అడ్డాలో చేర్చుకున్నప్పుడు అతడు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. రోగుల కిరాయి ఎవరికీ ఇష్టముండదు. సీటు పాడవుతుందని, వాంతులవుతాయని, వెయిటింగ్ ఎక్కువని మిగతావాళ్లు తప్పుకునేవారు. ఆ పని ఆమెకు వదిలి అందరూ సుఖంగా ఉన్నారు.

భర్తకు బట్టలు ఇవ్వడానికో, చూసి రావడానికో సాలి మిర్యాలగూడ వెళ్లినప్పుడల్లా మిల్లు ముందు నిలిచిన లారీలను చూసేది. నుదుట రంగుల బోర్డులు, అద్దాల పక్కన కుచ్చులు, వెనక తలుపు మీద నెమళ్లు. బస్తాలు మోసే ఇనుముకు అంత సింగారం ఉన్నప్పుడు తన కారు ఎందుకు బోసిగా ఉండాలని ఆమెకు అనిపించిందట. అక్కడే ఒక దుకాణంలో నల్లగా నిగనిగలాడే స్పాయిలర్ కొన్నది. డిక్కీ మూత మీద అడ్డంగా కూర్చునే రెక్క అది. గాలిని అదిమి వేగంలో కారు తేలిపోకుండా చూస్తుందని దుకాణదారు చెప్పాడట. రోగులతో మెల్లగా నడిచే కారుకు ఆ వేగం ఎక్కడిదని ఆమెకూ తెలుసు. అందంగా ఉన్నదని కొన్నది.

షాపులో బిగించవద్దని, ఇంటి దగ్గర తామే పెట్టుకుంటామని దీప్లా పట్టుబట్టాడు. వాకిట్లో రేకుల పందిరి కింద కారు నిలిపారు. సాలి డిక్కీ మూతను కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, రెక్క కూర్చునే చోట పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. రెక్క అడుగున రెండువైపులా అంటుకునే వెడల్పాటి టేపు ఉంది. దాని కాగితం ఒలిచి అదిమితే చాలు. ఆమె నీళ్లు తాగడానికి ఇంట్లోకి వెళ్లింది. ఈలోగా దీప్లా తల్లి నూనెలో పసుపు కలిపి తెచ్చి, సరిగ్గా ఆ గుర్తుల మీదే వరుసగా బొట్లు పెట్టింది. కొత్త వస్తువు బొట్టు లేకుండా బండెక్కడం ఆ ఇంట ఎన్నడూ లేదు. దీప్లా తల్లికి అడ్డు చెప్పలేదు, భార్యకు విషయం చెప్పలేదు. పైన రెక్క పెట్టి బలంగా అదిమాడు. ముగ్గురూ కొబ్బరికాయ కొట్టి సంతోషించారు.

ఆ రెక్కతో తొలి కిరాయి నాదే. సూర్యాపేటలో కళ్లు చూపించుకోవడానికి బయలుదేరాం. మునగాల దాటాక వెనక టపటపమని చప్పుడైంది. సాలి కారు పక్కకు ఆపింది. రెక్క ఒక కొస లేచి, గాయపడిన కాకిలా కొట్టుకుంటున్నది. టేపు మీద పసుపు మరకలు చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. కోపగించుకోలేదు. రెక్కను ఊడదీసి, తన సీటు మీది దుప్పటిలో చుట్టి డిక్కీలో పెట్టి, నన్ను సమయానికి దవాఖాన చేర్చింది.

మా వెనక వచ్చిన అడ్డా కారు ఒకటి ఈ వార్తను కోదాడకు మాకంటే ముందే మోసుకుపోయింది. తిరిగి వచ్చేసరికి అందరూ కాచుకొని ఉన్నారు. కోడి రెక్క విరిగిందా అని ఒకడు, రాత్రికి కూర వండుతావా అని ఇంకొకడు. సాలి కూడా వాళ్లతో పాటు నవ్వింది. ఆ నవ్వును వాళ్లు ఓటమి అనుకున్నారు.

రెండోసారి దీప్లా మిల్లు మెకానిక్ దగ్గర డ్రిల్లు అడిగి తెచ్చాడు. ఈసారి బోల్టులు. సొంత కారుకు పొక్క పెట్టడం తేలికైన నిర్ణయం కాదు. టేపు తప్పితే తీసి మళ్లీ అంటించవచ్చు. పొక్క పడితే ఇక వెనక్కి పోవడం లేదు. దీప్లా వెనకాడితే సాలి డ్రిల్లు తానే అందుకుంది. గుర్తుల మీద కాగితపు టేపు అంటించి, ముందు సన్నని బిట్టుతో, తర్వాత లావు బిట్టుతో పొక్కలు తొలిచింది. అంచులు తుప్పు పట్టకుండా రంగు పూసింది. నీరు దిగకుండా రబ్బరు వాషర్లు వేసి, మూత లోపలి నుంచి నట్లు బిగించింది. అంతసేపూ అత్త పసుపు గిన్నె పట్టుకొని అంత దూరాన నిలబడింది.

"ముందుగాల బోల్టు, ఎనుక బొట్టు. ఇగ రా యాడీ," అని సాలి పిలిచింది. యాడి అంటే వాళ్ల భాషలో తల్లి. ఆ ముసలమ్మ వచ్చి రెక్క కొసకు తృప్తిగా బొట్టు పెట్టింది.

మర్నాడు పొద్దున అడ్డాలో మొదట నిలిచిన కారు సాలిదే. నల్లబల్ల మీద ఆమె నంబరే పైన ఉంది. రవీందర్ వచ్చి రెక్కను రెండు చేతులతో పట్టి లాగాడు. కారంతా ఊగింది కానీ రెక్క కదలలేదు. చుట్టూ డ్రైవర్లు చేరారు. ఆ వేళ పత్రిక కోసం వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"రోగులను మోసే బండికి ఈ షోకెందుకు సాలీ? దీనివల్ల ఏం లాభం చెప్పు," అన్నాడు రవీందర్. అతనివి చివర్లు మెలితిప్పిన ఒత్తు మీసాలు.

"నీ మీసంతోని ఏం లాభమున్నదో దీంతోని గంతే అన్నా," అన్నది సాలి.

అడ్డా అంతా ఒక్కసారి నవ్వింది. రెక్కల కార్లున్న సంజీవ్, రాజ్‌కుమార్ అందరికంటే ఎక్కువ నవ్వారు. రవీందర్ బల్ల దగ్గరికి వెళ్లి ఆమె నంబరును అరచేత్తో తుడిచివేశాడు.

ఆ సాయంత్రం అడ్డా డ్రైవర్ల సంఘం సమావేశమై ఒక తీర్మానం చేసింది. ప్రయాణికుల భద్రత దృష్ట్యా, ఊడిపోయే భాగాలు బిగించిన కారును వరుసలోకి అనుమతించరట. దాని నకలు నా దగ్గర భద్రంగా ఉంది. మిగతా రెండు కార్ల ఊసు అందులో లేదు. ఊడిపోయిన రోజున నవ్వి ఊరుకున్నవారు, ఊడకుండా బిగించిన రోజున వెలివేశారు. దీన్ని భద్రత అనే పేరుతో పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

నేను రవీందర్‌ను కలిశాను. ఒక్క నెల రెక్క తీసివేస్తే కోపాలు చల్లారుతాయని, తర్వాత ఎవరూ పట్టించుకోరని అతడు రాజీ చెప్పాడు. తీస్తే మిగిలే పొక్కల మాట అతనికి పట్టలేదు. నేను ఆలోచించి మరో దారి వెదికాను. డిక్కీకి సొట్ట పడితే కప్పడానికి బిగించామని ఒక మనవి రాస్తే, అవసరం కోసం చేసిన పనిగా సంఘం ఒప్పుకోవచ్చు. ఆ మాట సాలికి చెప్పాను.

ఆమె నన్ను కారు వెనకకు తీసుకువెళ్లింది. డిక్కీ మూత మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చేత్తో నిమిరింది.

"సొట్ట ఏడున్నది సార్? నా బండి మంచిగున్నది. నాకు సక్కగనిపించింది, పెట్టుకున్న. రాస్తే గదే రాయుండ్రి."

అందుకే అదే రాస్తున్నాను. సాలి ఇప్పుడు ప్రతి పొద్దునా అడ్డాకు ఎదురుగా, రోడ్డుకు ఆవలి పక్కన కారు నిలుపుతున్నది. రెక్క అడ్డావైపు కనిపించేలా నిలుపుతున్నది. పాత రోగులు ఫోన్ చేసి ఆమెనే పిలుచుకుంటున్నారు. కానీ దారినపోయే కిరాయి ఒక్కటీ ఆమెకు అందడం లేదు. రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్లబోయేవారిని అడ్డా మనుషులు మధ్యలోనే మళ్లిస్తున్నారు. కారు అప్పు వాయిదా మాత్రం ఆగదు. ఇట్లాగే సాగితే కారు పోతుంది, ఆమె మళ్లీ మిరప తోటకు పోతుంది. వాళ్లు కాచుకున్నది దానికోసమేనా అన్నది వాళ్లే చెప్పాలి.

కష్టపడినంతకాలం ఆమెను మెచ్చుకున్నారు. ఎవరూ ఎక్కించుకోని రోగిని ఎక్కించుకుంటే అక్క అన్నారు, చెల్లె అన్నారు. తన ఇష్టానికి ఒక్క సింగారం చేసుకొని, ఎందుకని అడిగితే తలవంచకుండా జవాబిచ్చేసరికి ఆమె వాళ్లకు తండా మనిషైంది. ఒకరి శ్రమను ఒప్పుకొని వారి సంతోషాన్ని ఒప్పుకోనివాళ్లను మర్యాదస్థులని నేను అనలేను.

రవీందర్, సంఘం సభ్యులారా! సంజీవ్, రాజ్‌కుమార్, మీ కార్లకు రెక్కలుంచుకొని ఆ తీర్మానం కింద సంతకాలు చేసిన మీరు కూడా వినండి. ఆ తీర్మానాన్ని రద్దు చేయండి. అరచేత్తో తుడిచిన నంబరును అదే చేత్తో, అదే బల్ల మీద, అందరూ చూస్తుండగా తిరిగి రాయండి. రెక్క తీయమని ఆమెను మళ్లీ అడగవద్దు. రేపు పొద్దున ఆమె అందరికంటే ముందే వస్తుంది. సుద్దముక్క సిద్ధంగా ఉంచండి.