చీకటి గదిలో ఎండ మందు

మొన్న మా మనవరాలు నన్ను చర్మం డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. మోచేతి దగ్గర కొత్తగా తెల్లమచ్చ కనబడిందట. ఈ వయసులో నాకెందుకే ఈ సింగారం అన్నా వినలేదు. ఆ కుర్ర డాక్టరు ఒక దీపం ముందు చెయ్యి పెట్టించి, ఈ వెలుగు తగిలితే రంగు రావచ్చు, రాకపోనూ వచ్చు, భయమేమీ లేదన్నాడు. ఇంత తేలిగ్గా చెప్పేశాడేమిటని నవ్వొచ్చింది. అంతలోనే, అలవాటు ఎక్కడికి పోతుంది, చెంగు లాగి చెయ్యి కప్పుకున్నాను.

నాకు మొదటి మచ్చ యుద్ధం రోజుల్లో, అరవదేశంలోని మా రాజపాళయంలో, కుడి మణికట్టు మీద వచ్చింది. మా ఇంట్లో బొల్లి అన్న మాటే అనేవాళ్ళు కాదు, ‘అది’ అనేవాళ్ళు. అరవంలో దాన్ని తెల్ల కుష్టు అంటారు. ఆ పేరు చెవిన పడితే అమ్మ మొహం పాలిపోయేది. పెళ్ళి కావలసిన పిల్లను మరి. అందుకని మణికట్టుకు కట్టు కట్టి, గంజి వారుస్తుంటే కాలిందని వీధంతా చెప్పింది. మగ్గాల ఊరు కాబట్టి కట్టుబట్టకు కొదవ లేదు. కానీ కాలిన పుండు ఎన్నాళ్ళని మానకుండా ఉంటుంది? అది మానే వేళకు, అమ్మ మాటల్లో, నేను మళ్ళీ కాల్చుకునేదాన్ని, ఒకసారి నూనెతో, ఒకసారి ఇస్త్రీపెట్టెతో. చివరికి సేత్తూరు నుంచి వచ్చిన సంబంధం వాళ్ళు, పొయ్యి దగ్గర ఒళ్ళు తెలియని పిల్ల మాకొద్దని లేచి వెళ్ళిపోయారు. మా అవ్వ పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, లోపల సిగ్గుతో చచ్చిపోయాను.

మంసాపురం వైద్యుడు నాన్న చేతికి బావంచి గింజలిచ్చి, నూరి మచ్చ మీద పట్టించి కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నాడు. అమ్మ నూరింది, పట్టించింది. ఎండకు మాత్రం తీసుకెళ్ళలేదు. మా ఇంట్లో ఎండ అంటే మిద్దె మీదే. మిద్దెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, మిరపకాయలు ఎండబెట్టే ఆడవాళ్ళ కళ్ళు పడకుండా అక్కడ కాకి కూడా వాలలేదు. అందుకని వడ్లగదిలో తలుపు మూసి, కట్టు విప్పి, మందు ఆరేదాకా కూర్చోబెట్టేది. చాలా శ్రద్ధగా చేసింది పాపం. ఏడాది తిరిగేసరికి మచ్చ వేళ్ళదాకా పాకింది.

నాన్న వైద్యుణ్ణి ఇంటికి పిలిపించాడు. ఆయన నా చెయ్యి తిప్పి చూసి అమ్మను అడిగాడు, “వెయిల్లో కూర్చోబెట్టినారా?”

అమ్మ నేల చూపులు చూసింది. “లేదయ్యా. లోపలే.”

“ఎండ పడకుంటే ఇది ఉత్త పిండి అమ్మా. ఇది కుష్టు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. ఎవరికి భయపడి దాచినారు?”

నాన్న అందరి ముందూ ఆమెను మాటలన్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ నా కట్టు విప్పి, మందు పట్టించి మిద్దె ఎక్కించింది. పక్క మిద్దె మీద పెద్దమ్మ మిరపకాయలు ఎండబోస్తూ ఆగిపోయి చూసింది. మోకాళ్ళలో మొహం దాచుకుని, కిందికి పోదామని ఏడ్చాను. అమ్మ నా పక్కన కూర్చుని చీర కుచ్చెళ్ళు పిక్కలదాకా జరుపుకుంది. రోజూ పాదాలకు మందంగా పసుపు రాసుకునే మనిషి, ఆ రోజు రాసుకోలేదు. మడమల నుంచి పైదాకా తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంది.

“నా నుంచే దా నీకు వచ్చినాది పాపా. మీ నాన్నకు గూడా ఇన్నాళ్ళు తెలీదు,” అంది.

పెద్దమ్మ మిరపకాయలు అలాగే వదిలేసి దిగిపోయింది. పొద్దు గూకేలోపు వీధికంతా తెలిసింది, నాన్నకూ తెలిసింది. చాన్నాళ్ళు ఆయన అమ్మతో మాట్లాడలేదు. ఆమె వాకిట్లోకి రావడం మానేసింది, మిద్దె ఎక్కడం మాత్రం మానలేదు. నా చెయ్యి బొబ్బలెక్కింది, మానింది, ఆ తెలుపులో ఆవగింజల్లా గోధుమరంగు చుక్కలు లేచాయి. మణికట్టు దాదాపు నిండింది, వేళ్ళు మాత్రం నిండలేదు. ఆ వేళ్ళను చూశాకే ఒకాయన నన్ను చేసుకున్నాడు.

మిగిలిన మందు నీ కాళ్ళకు రాసుకోమని ఒకసారి అమ్మతో అన్నాను. “నాకెందుకు పాపా ఇంక,” అంది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్ళు కూడా లేవు. అంత చిన్న వయసులో ‘ఇంక’ అన్న మాట ఎంత పొడవైందో, ఆమెకు రెండింతల వయసు బతికాక గానీ నాకు తెలియలేదు.