ఎర్రమాత్రల మండలం

వాషర్‌మెన్‌పేట్‌లో మా మేడంతా గాజు గొట్టాలే. వాటిలో అన్న పచ్చటి నాచు పెంచేవాడు. కంటికి ఆననంత సన్నటి నాచు. బాగా పెరిగాక ఎరువు ఆపేసి ఎండకు మాడిస్తే, ప్రాణం కాపాడుకోవడానికి అది తనలో ఎర్రరంగు పుట్టించుకుంటుంది. ఆ రంగును మాత్రలుగా చేయించేవాడు. ఒంటికి మేలని, కళ్ళ అలసట తగ్గిస్తుందని ఎక్కడెక్కడో చదివి చెప్పేవాడు. ఏమో, ఆ ఎర్రనీళ్ళ మధ్య బట్టలు ఆరేయాలంటేనే నాకు భయంగా ఉండేది.

మాది తరాల నాటి మూలికల అంగడి. కొత్త సరుకు ఏదైనా ముందు ఇంట్లోవాళ్ళు ఒక మండలం, అంటే నలభై ఎనిమిది రోజులు, తిని చూడాలి, తర్వాతే అంగట్లో పెట్టాలి. తాత పెట్టిన పద్ధతి అది. ఎర్రమాత్రలకు అమ్మ ముందుకొచ్చింది. కొడుకు సరుకు మరి! అప్పటికే ఆమె కళ్ళలో ఒత్తిడి ఎక్కువ. రోజూ చుక్కలు వేసుకోకపోతే చూపు పోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పి ఉంది.

"ఇప్పుడు కళ్ళు సల్లగా ఉండాయిరా" అని అమ్మ అంటే అన్న మురిసిపోయేవాడు. నేను వేరేవి గమనిస్తున్నాను. అమ్మ ద్వారబంధానికి భుజం కొట్టుకుంటోంది. పక్కనున్న కాఫీ గ్లాసును చేత్తో తోసేస్తోంది. పక్కన నిలబడి పిలిస్తే ఉలిక్కిపడుతోంది. వయసు అన్నాడు అన్న.

ఒకరోజు ఫ్రిజ్ తలుపులో చుక్కల సీసా కనిపించింది. మూతైనా తీయలేదు. తీసుకెళ్ళి అమ్మకు చూపించాను.

"ఇదేందిమా?"

"మండలం పట్నప్పుడు ఇంకో మందు ముట్టకూడదు కదా పాపా. మీ తాత చెప్పిండేదే."

నాటుమందు పథ్యాన్ని ఆ మాత్రలకూ పట్టించింది! నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. చుక్కలు మానమని అన్న చెప్పలేదు, నిజమే. వేసుకుంటున్నావా అని అడగనూ లేదు.

అన్నా నేనూ అమ్మను తీసుకుని మైలాపూరులో కళ్ళాసుపత్రికి పరుగెత్తాం. అన్న గది బయటే ఆగిపోయాడు. డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించింది. మాత్రల వల్ల కాదు, చుక్కలు మానడం వల్లే అంది. రెండు పక్కల చూపూ పోయింది, ఇక తిరిగి రాదు, ఎదురుగా మిగిలినదాన్నైనా కాపాడుకోండి అంది.

అన్న ఎప్పుడు లోపలికొచ్చాడో, అమ్మ కుర్చీకి ఆనుకుని కుడిపక్కనే నిలబడి ఉన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తున్నాడు. అమ్మ ఎదురుగా ఉన్న నన్ను చూసి గొంతు తగ్గించింది.

"మీ అన్న ఆడ బయటే ఉండాడు కదా? వాడికి చెప్పబాకమే. సరుకు అంగట్లో పెట్టుకోనీ."